చెయ్యి చూడకుండా చేసిన ఉంగరం

రైహాన్ రోజూ పొద్దున టీకి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేలోపు చేతికి మేజోడు తొడుక్కుంటుంది. కాలికి కాదు, చేతికే. ఒంటె బొచ్చుతో వదులుగా అల్లిన ఒంటి మేజోడు అది. జతలో రెండోది లేదు. ముందురోజు పూర్తిచేసిన ఉంగరాన్ని వేలికి పెట్టుకుని, చెయ్యి మేజోడులోకి దూర్చి, పిడికిలి మూసి తెరిచి, మణికట్టు అటూ ఇటూ తిప్పి బయటకు లాగుతుంది. ఉంగరానికి ఒక్క పోగు అంటుకుని వచ్చినా అది ఆరోజు ఎవరి ఇంటికీ వెళ్ళదు. మళ్ళీ ఆకురాయి కిందికే వెళ్తుంది.

"పెళ్ళయి ముప్పై అయిదేళ్ళు. నాకోసం ఒక్క మేజోడు అల్లింది లేదు. ఉంగరాలకి మాత్రం అల్లింది" అంటాడు ఆమె భర్త సాబిత్, వచ్చిన ప్రతివాళ్ళతోనూ.

"నీ కాళ్ళకి వజ్రాలు పొదుగు, అప్పుడు అల్లుతా" అంటుంది ఆమె.

కొండల కింది కెగెన్ ఊళ్ళో, బజారు వెనక, సోవియట్ రోజుల్లో కట్టిన రెండంతస్తుల భవనంలో, చెప్పులు బాగుచేసే గదికీ జుట్టు కత్తిరించే గదికీ మధ్య రైహాన్ గది. ఒక బల్ల, ఒక దీపం, తోలుతో కుట్టిన ఒడి. గీకినప్పుడు రాలే వెండి పొడి ఆ ఒడిలో పడుతుంది. వాళ్ళ నాన్న గుర్రపు జీనులకు వెండి నగిషీలు చేసేవాడు. కెంపురంగు రాళ్ళను వెండిలో గుంట చేసి, చుట్టూ అంచు కట్టి కూర్చోబెట్టేవాడు. "గుర్రం దొర్లినా రాయి కదలకూడదు. రాయి గూట్లో కూర్చోవాలి గానీ కొమ్మెక్కి కూర్చోకూడదు" అనేవాడు. ఆ తరవాత రైహాన్ అల్మాతీ నగరంలో ఒక నగల కార్ఖానాలో పదకొండేళ్ళు పనిచేసింది. అక్కడ వజ్రాల్ని కొమ్మెక్కించడమే నేర్పారు. గోళ్ళలాంటి సన్నటి నాలుగు కొనల మధ్య రాయిని ఎత్తి పెడితే కింద నుంచి కూడా వెలుతురు తగిలి తళుక్కుమంటుంది. కార్ఖానా మూతపడ్డాక ఆ విద్య, నాన్న విద్య రెండూ పట్టుకుని ఊరికి తిరిగివచ్చింది.

ఉంగరం కావాలని ఎవరొచ్చినా రైహాన్ ముందు ధర చెప్పదు, నమూనాలు చూపించదు. "ఏదీ, చెయ్యి ఇటివ్వు" అంటుంది. వేలి కొలతకు అనుకుని వేలు చాపుతారు. ఆమె అరచెయ్యి తిరగేసి కాయలు కాసిన చోట్లు తడుముతుంది. "ఈ చెయ్యి ఏం పని చేస్తుంది?" అని అడుగుతుంది.

పశువుల డాక్టరమ్మ వచ్చినప్పుడు ఆ చెయ్యి మోచేతి దాకా ఆవు కడుపులోకి వెళ్తుందని తెలుసుకుని, పైకి ఏమీ పొడుచుకు రాకుండా, రాయిని పట్టీ మందంలోనే ముంచేసింది. కొండల్లో చిక్కుకున్నవాళ్ళను దించుకొచ్చే కుర్రాడికి ఉంగరమే చెయ్యనంది. "తాడుకి తగులుకుంటే వేలు తాడుతోనే ఉండిపోతుంది. గొలుసుకి వేసి మెడలో కట్టుకో" అని పంపింది. తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టే ఆమె కన్నీటి చుక్క ఆకారపు రాయి మీద మనసు పడితే, "దానికి ఒకటే మొన. కానీ నువ్వు రోజుకి మూడొందల ముద్రలు కొడతావు. మొన విరగడానికి ఒక్క ముద్ర చాలు" అంది. పలకగా సాన పట్టిన రాయికి నాలుగు మూలలూ నాలుగు గండాలని, గుండ్రటి రాయికి పెచ్చు లేవడానికి మూలలే లేవని, పనిచేసే చేతికి అదే సుఖమని చెబుతుంది.

"వజ్రం అన్నిటికన్నా గట్టిది కదా?" అని అడిగేవాళ్ళకు ఆమె జవాబు ఒకటే. "గట్టిదే. కానీ పెళుసు. మా ఆయనలాగా."

ఇన్నేళ్ళలో ఆమె చెయ్యి చూడకుండా ఉంగరం చేసింది ఒక్కసారే. రెండేళ్ళ కిందట, వసంతంలో.

ఆ రోజు బిబిజాన్ వచ్చింది. ఇద్దరూ బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. బిబిజాన్‌కు అప్పటికే రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. గోడ తడుముకుంటూ లోపలికి వచ్చింది.

"ఏమే రైహాన్, ఇంకా బతికే ఉన్నావా?"

"నీ పెళ్ళికి అరువిచ్చిన దుప్పటి తిరిగిచ్చేదాకా చావను. అటు కాదు, అది పొయ్యి. ఇటు కూర్చో."

బిబిజాన్ రుమాలు విప్పి ఒక పాత ఉంగరం బల్ల మీద పెట్టింది. పెసరగింజంత గుండ్రటి వజ్రం. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఆమె భర్త, ఉన్ని ఎక్కువ తెచ్చినందుకు వచ్చిన బహుమతి డబ్బుతో కొన్నది. దాని గోళ్ళలో ఒకటి ఎప్పుడో వంగిపోయింది.

"మా చిన్నాడికి పెళ్ళి. ఈ రాయి తీసి కొత్త ఉంగరం చెయ్యి. నాలుగు గోళ్ళ మీద, ఎత్తుగా. విందు బల్ల ఆ చివర కూర్చున్నవాళ్ళకి కూడా కనపడాలి."

"పిల్ల ఏం చేస్తుంది?"

"టీచరు. సుద్దముక్క పట్టుకునే చెయ్యి."

"ఓసారి తీసుకురా, చూస్తాను."

"ముందే చూపిస్తే ఇంక కొత్త కోడలికి సంతోషం ఏముంటుందే? ఇదిగో కొలత" అని ముడివేసిన దారం చేతిలో పెట్టింది. "నా కళ్ళు పూర్తిగా పోకముందు దాని వేలి మీద ఒక్కసారి మెరిస్తే చూసుకుంటాను."

ఆ మాటకు రైహాన్ మెత్తబడింది. సుద్దముక్క పట్టుకునే చేతికి నాలుగు గోళ్ళు ఫరవాలేదనుకుంది. ఉంగరం ఎత్తుగానే చేసింది. మేజోడులో పెట్టి లాగితే మొదట ఒక పోగు వచ్చింది. గోళ్ళ కొనలు గుండ్రంగా అరగదీసి మళ్ళీ లాగింది. ఈసారి పోగు రాలేదు. ఉంగరం వెళ్ళిపోయింది, పెళ్ళీ అయిపోయింది.

సెప్టెంబరులో, మందలు కొండ మేతల నుంచి దిగివచ్చిన వారానికి, ఒక సోమవారం పొద్దున ఒక అమ్మాయి గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది.

"రైహాన్ అక్కా, నేను కురలాయ్‌ని. బిబిజాన్ గారి కోడల్ని."

"ఓ, సుద్దముక్క పిల్లవా! రా, రా."

అమ్మాయి జేబులోంచి చెయ్యి తీసింది. ఉంగరం ఉంది. నాలుగు గోళ్ళూ ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు.

రైహాన్ ముందు ఉంగరం చూడలేదు, చెయ్యి చూసింది. వెడల్పాటి అరచెయ్యి. చూపుడు వేలికీ బొటన వేలికీ మధ్య కళ్ళెం తాడు ఒరిసి కట్టిన కాయ. ఉప్పునీళ్ళకు పగిలిన కణుపులు. ఆమె ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

"ఈ చేతికి సుద్దముక్క ఒక్కటే పనని చెప్పింది మీ అత్త."

"టీచర్నే అక్కా. కానీ బడి మూడు నెలలు ఉండదు కదా. వేసవంతా పైన మేతలోనే ఉన్నాం. పదకొండు గుర్రాలు. రెండు గంటలకోసారి పాలు పితకాలి. అవి కాక ఆవులు, కుర్త్..."

పుల్లటి పెరుగును గుడ్డలో వేలాడగట్టి, నీళ్ళు పోయాక ఉప్పు వేసి పిసికి, పిడికిట్లో నొక్కి ఎండబెట్టిన ఉండలే కుర్త్. ఏడాది పొడుగునా ప్రతి ఇంట్లో ఉండేది, ప్రతి జేబులో ఉండేది.

"ఉంగరం తీసి పక్కన పెట్టి పిసకొచ్చుగా" అని రైహాన్ అడగలేదు. ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. ఉంగరం లేని చేతి తిండి శుభ్రం కాదంటారు. పిండి కలిపినా పాలు తీసినా చేతికి ఉంగరం ఉండాల్సిందే. కురలాయ్ పెళ్ళికి ముందు పెట్టుకున్న వెండి ఉంగరాన్ని ఆనవాయితీ ప్రకారం చెల్లెలికి ఇచ్చేసింది. "ఇంత మంచిది వేలికి ఉండగా ఇంకొకటి ఎందుకు?" అంది అత్తగారు.

"ఆగస్టు చివర్లో ఓ సాయంత్రం చూసుకుంటే రాయి లేదక్కా. గుర్రాల్ని కట్టేసే చోట గడ్డి దువ్వెనతో దువ్వాను. పాల తోలుసంచి తిరగేశాను. గుర్రాల లద్దె కూడా జల్లెడ పట్టాను."

"మీ ఆయనకి తెలుసా?"

"నాతోపాటు లద్దె జల్లెడ పట్టింది ఆయనే." అమ్మాయి నవ్వబోయి ఏడ్చింది. "అత్తయ్య కళ్ళ ఆపరేషన్‌కి అల్మాతీ వెళ్ళారు. శుక్రవారం వచ్చేస్తున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. కట్టు విప్పాక ముందు నీ చెయ్యి చూడాలమ్మా అని. అక్కా, ఇందులో ఒక గాజు రాయి పెట్టివ్వండి. ఆవిడకి ఏం తెలుస్తుంది?"

రైహాన్ సొరుగులో అలాంటి రాయి ఉంది. సరిగ్గా అదే కొలత. వెలుతుర్లో పెడితే సొంత భర్తకి కూడా తేడా తెలీదు. అరగంట పని. ఆమె సొరుగు తెరిచింది. ఆ రాయిని చూసింది. బిబిజాన్ దారం ముడి ఇచ్చి అన్న మాట గుర్తొచ్చింది. ఈ పిల్ల చెయ్యి ముందే చూసి ఉంటే ఇదంతా జరిగేది కాదని కూడా అనిపించింది. తప్పు ఈ పిల్లది కాదు. సొరుగు మూసింది.

"గాజు పెట్టను. ఆపరేషన్ అయిన కళ్ళు మన కళ్ళకన్నా బాగా చూస్తాయి. ఉంగరం ఇటివ్వు."

భూతద్దం కంటికి పెట్టుకుంది. రాతికో ఇనప రికాబుకో కొట్టుకుని రాయి ఊడితే గోళ్ళు ఒకే వైపు వంగి ఉండాలి. ఇక్కడ ఒక గోరు తాడుకు తగులుకుని కొద్దిగా విచ్చుకుంది. మిగతా మూడూ నిటారుగానే ఉన్నాయి. గోళ్ళ అడుగున తెల్లగా, గట్టిగా ఏదో పేరుకుని ఉంది. సూదితో కొంచెం గీకి నాలిక మీద పెట్టుకుంది.

"సబ్బు కాదు" అంది. "ఉప్పగా ఉంది. పుల్లగా కూడా ఉంది. పిల్లా, ఇది కుర్త్!"

"అంటే?"

"అంటే ఈ కుర్త్ రోజుకింత రాయి కిందికి దూరి ఎండిపోయింది. ఎండిన దాని కిందికి మర్నాడు ఇంకొంత దూరింది. అలా రాయిని మెల్లగా పైకి నెట్టేసింది. వజ్రానికి జిడ్డంటే ప్రాణం, ఎక్కడ వెన్న ఉంటే అక్కడ అతుక్కుంటుంది. నీ రాయి గడ్డిలో లేదు, లద్దెలో లేదు. ఉండలో ఉంది."

కురలాయ్ మొహం ఒక్క క్షణం వెలిగి, వెంటనే పాలిపోయింది.

"అక్కా, ఆ ఉండల్లో సగం పంచేశాం."

కొండ దిగివచ్చిన రోజున వాళ్ళింట్లో ఇరుగుపొరుగు ఏడిళ్ళవాళ్ళకు టీ విందు జరిగింది. విందు నుంచి ఎవరూ ఉత్త చేతులతో వెళ్ళరు. బల్ల మీద మిగిలినది రుమాల్లో మూట కట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. దాన్ని సర్‌కిత్ అంటారు. ఇంటి దగ్గర ఉన్న పిల్లలకు ఆ మూటలో పంచుకునే ముక్క దీవెనతో సమానం. ఇచ్చిన సర్‌కిత్‌ను వెనక్కి అడిగిన కోడలు ఇంతవరకు కెగెన్‌లో పుట్టలేదు.

"అడగలేం" అంది రైహాన్. "ముందు ఇంట్లో ఉన్న సగం చూద్దాం. పట్టుకురా."

ఆ రోజూ మర్నాడూ గదికి తాళం పడింది. కురలాయ్ బడికి సెలవు పెట్టింది. రైహాన్ వంటింట్లో ఇద్దరూ ఒక్కో ఉండనూ వేడినీళ్ళలో వేసి, కరిగేదాకా కలిపి, గుడ్డలో వడగట్టారు. పారబోస్తే పాపం. వడగట్టినదంతా పులుసయింది. పొద్దున అదే, మధ్యాహ్నం అదే. సాబిత్ గిన్నెలోకి చూసి గరిటె కింద పెట్టాడు.

"రైహాన్, సూటిగా చెప్పు. నన్ను చంపాలనుకుంటున్నావా, లేక మేకని చెయ్యాలనుకుంటున్నావా?"

"తాగు. నమలకు. ఏదైనా గట్టిగా తగిలితే మింగకు."

"ఏం తగులుతుంది?"

"తగిలాక చెబుతా."

ఏమీ తగల్లేదు. మంగళవారం సాయంత్రానికి సంచి ఖాళీ అయింది. కురలాయ్ చేతులు కడుక్కుని, "శుక్రవారం నేనే చెప్పేస్తాను అక్కా" అంది. "మనిద్దరం చెబుదాం" అంది రైహాన్. అల్మాతీ కార్ఖానాలోనూ ఇక్కడా కలిపి ముప్పై ఏళ్ళుగా, ఆమె పెట్టిన రాయి ఊడిపోయిందని ఎవరూ అనలేదు. శుక్రవారం తరవాత అంటారు. అది ఆమెకు ఎంత బరువుగా ఉందో ఆ రాత్రి సాబిత్‌కు తెలిసింది. ఆమె మేజోడును మడతపెట్టి సొరుగులో పెట్టేసింది.

బుధవారం గది తాళం తీసేసరికి బెంచీ మీద కుల్పాష్ అపా కూర్చుని ఉంది. బిబిజాన్ వాళ్ళ పొరుగింటి అవ్వ. ఎనభై ఒకటో ఏడు. నోట్లో ఒక్క పన్నూ లేదు. ఆ లోటును నాలుక తీర్చేది. చెవిపోగు కొక్కెం వదులైందని తెచ్చింది.

"రెండు రోజులు గది మూసుకుని ఏం చేశావే? మొగుడితో ప్రయాణాలా?"

"కుర్త్ పులుసు తాగాం అపా."

"కుర్త్ అన్నావ్, గుర్తొచ్చింది. బిబిజాన్ కొత్త కోడలు కుర్త్‌లో రాళ్ళు కలుపుతోంది తెలుసా? తూకానికి కాబోలు!"

రైహాన్ చేతిలోని పట్టుకారు బల్ల మీద పడింది.

"ఏమంటున్నారు అపా?"

"నాకు పళ్ళు లేకపోవడం మంచిదైంది, ఉంటే ఊడిపోయేవి. వాళ్ళ సర్‌కిత్ ఉండని పులుసులో నానేశాను. కరిగిపోయాక అడుగున టిక్‌మంది. చూద్దును కదా, రాయి! ఉప్పు గడ్డేమోనని నాకి చూశాను. కరగలేదు. పిసికేటప్పుడు చేతులు కడుక్కోరా? నేల మీద ఆరబెడతారా?"

"ఆ రాయి ఏం చేశారు?"

"దాచాను. శుక్రవారం బిబిజాన్ వస్తోందట. కొత్త కళ్ళతో మొదట ఇదే చూడాలి." అపా తలకు కట్టుకున్న రుమాలు కొస ముడి విప్పింది. మసకగా, జిడ్డుగా, పాత ఉప్పుకల్లులా ఉన్న చిన్న గుండ్రటి ముక్క.

రైహాన్ బెంచీ దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపింది.

"ఇటివ్వండి అపా. పారేస్తాను."

"పారేస్తావా?" కుల్పాష్ అపా గుప్పిట మూసేసింది. "ఇది సాక్ష్యమే, వెర్రిదానా! పన్నెండేళ్ళ కిందట కీళ్ళవాతంతో నా వేళ్ళు వాచిపోతే ఆసుపత్రిలో నా ఉంగరం కోసేశారు. ఆ ఏడు మా మనవడి విందులో ఇదే బిబిజాన్ ఏమందో తెలుసా? ఉంగరం లేని చేతి రొట్టె నాకు వద్దు, అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఉంగరం ఉన్న కోడలి చేతి సంగతి నేను చెబుతాను."

రైహాన్ ఆ వేళ్ళను చూసింది. కణుపులు ముళ్ళు పడిన కొయ్యల్లా ఉన్నాయి. తను ఇందాక అబద్ధం ఆడబోయిందని సిగ్గేసింది. బెంచీ మీద పక్కన కూర్చుంది.

"అపా, తప్పు ఆ పిల్లది కాదు, నాది. అది రాయి కాదు, వజ్రం. నేనే పెట్టాను. ఆ చెయ్యి ఏం పని చేస్తుందో చూడకుండా ఎత్తుగా పెట్టాను. కుర్త్ పిసుకుతుంటే ఊడి అందులో పడింది. రెండు రోజులుగా దానికోసమే పులుసు తాగుతున్నాం."

కుల్పాష్ అపా గుప్పిట తెరిచి చూసింది. మళ్ళీ రైహాన్‌ని చూసింది.

"నేను నాకింది వజ్రమా?"

"అవునపా."

"ఇంకొంచెం అయితే మింగేదాన్ని!"

"అవునపా."

ముసలావిడ భుజాలు కదలడం మొదలెట్టాయి. నవ్వు. బెంచీ కూడా కదిలింది. పక్క గదిలో జుట్టు కత్తిరిస్తున్న మనిషి కత్తెర పట్టుకునే తొంగిచూశాడు. "పో, నీ పని చూసుకో" అని అతణ్ణి తరిమి, కళ్ళు తుడుచుకుని, గొంతెత్తి అంది:

"సుయున్షి!"

మంచి కబురు తెచ్చినవాళ్ళు ఆ మాట అంటే, వాళ్ళు కోరింది ఇవ్వాలి. కాదనడానికి లేదు.

"అడగండి అపా. ఏది కావాలంటే అది."

అపా నవ్వు తగ్గింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఈ కణుపు దాటే ఉంగరం చెయ్యగలవా? వెండిదే. రాయి అక్కర్లేదు. పన్నెండేళ్ళుగా పిండి కలిపినప్పుడల్లా వేలికి దారం చుట్టుకుంటున్నాను."

"దాటక్కర్లేదు. వెనక కీలు పెడతాను, చిన్న కొక్కెం. గొళ్ళెం తీసినట్టు తీసి, వేలి చుట్టూ పెట్టి, మూసెయ్యడమే."

"అలా కూడా చేస్తారా?"

"చెయ్యి చూస్తే చేస్తాం."

వజ్రం రైహాన్ అరచేతిలోకి వచ్చింది. "మరి ఈ సంగతి బజారులో..." అని ఆమె నసిగింది.

"నా నోట్లో పళ్ళు లేవు గానీ తాళం ఉంది" అంది కుల్పాష్ అపా. "బిబిజాన్‌కి మాత్రం మీరే చెప్పాలి. చెప్పినప్పుడు దాని మొహం ఎలా ఉందో నాకు వచ్చి చెప్పాలి."

ఆమె వెళ్ళగానే రైహాన్ రాయిని స్పిరిట్‌లో కడిగి భూతద్దం కింద పెట్టింది. అంచు చుట్టూ ఒక్క పెచ్చు లేదు. మూల ఉండి ఉంటే విరిగేది. గుండ్రటిది కాబట్టి ఉప్పూ గిన్నే నాలికా అన్నీ దాటుకుని చెక్కుచెదరకుండా వచ్చింది. తరవాత కురలాయ్‌కి ఫోన్ చేసింది. అవతల నుంచి పిల్లల గోలా బడి గంటా వినిపించాయి. ఆపైన చిన్న కేక.

సాయంత్రం కురలాయ్ వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు.

"చెయ్యి ఇటివ్వు" అంది రైహాన్. "గుర్రం పాలు ఎలా పితుకుతావో చూపించు. ఏ వేళ్ళతో? తాడు ఎటు లాగుతావు? కుర్త్ ఎలా నొక్కుతావు?"

అమ్మాయి గాల్లోనే గుర్రం కాలు వంచి పట్టుకుని, పాలు పితికి, తాడు లాగి, ఉండ నొక్కి చూపించింది. రైహాన్ ఆ చేతి చుట్టూ తిరిగి చూసింది. తాడు ఒరిసేది చూపుడు వేలి పక్కన. ఉండ నొక్కేటప్పుడు కుర్త్ దూరేది వేళ్ళ సందుల్లో.

"గోళ్ళు వద్దు. చుట్టూ బంగారపు అంచు కట్టేస్తాను, కింద కూడా మూసేస్తాను. ఎక్కడా సందు ఉండకూడదు, కుర్త్‌కి ఇల్లు దొరక్కూడదు. పట్టీ వెండిది, వెడల్పుగా. మధ్యలో రాయి ముంచేస్తాను. కింది నుంచి వెలుతురు రాదు కాబట్టి మెరుపు కొంచెం తగ్గుతుంది. ఫరవాలేదా?"

"కడిగేస్తే శుభ్రమవుతుందా?"

"నీళ్ళూ పాత పళ్ళ బ్రష్షూ చాలు."

"అయితే ఫరవాలేదక్కా. కానీ అత్తయ్య ఎత్తు కావాలన్నారు."

"ఎత్తు సంగతి మీ అత్తతో నేను మాట్లాడతా."

గురువారమంతా పనిచేసింది. వెండి గుంటలో బంగారపు గూడు, గూట్లో రాయి, రాయి మీదికి అంచు ఒత్తుతూ వాళ్ళ నాన్న చేసినట్టే చేసింది. శుక్రవారం పొద్దున టీ నీళ్ళు పెట్టి, సొరుగులోంచి మేజోడు తీసింది. ఒకసారి లాగింది. మూడుసార్లు లాగింది. పోగు రాలేదు.

"వచ్చిందా?" అన్నాడు సాబిత్ పక్క గదిలోంచి.

"రాలేదు."

"అబ్బ! ఇవాళైనా పులుసు ఉండదన్నమాట."

బిబిజాన్ తన ఇంట్లో, నల్ల కళ్ళద్దాలతో బల్ల మొదట్లో కూర్చుని ఉంది. కురలాయ్ వెనక రైహాన్ రావడం చూసి అద్దాలు నుదుటి మీదికి తోసింది.

"అమ్మో, రైహాన్! నువ్వింత ముసలిదానివి అయ్యావని ఎవ్వరూ చెప్పలేదేమే!"

"నువ్వు అద్దంలో చూసుకున్నావా?"

"చూసుకున్నా. అందుకే కళ్ళద్దాలు పెట్టుకున్నా." తరవాత కోడలి వైపు చెయ్యి చాపింది. "ఏదమ్మా, ఇలా రా. ఏది నా రాయి?" ఉంగరాన్ని కిటికీ వైపు తిప్పింది. ఆమె నుదురు ముడిపడింది. "ఇదేంటి? ఎత్తు ఏదీ? రాయిని ఏదో మింగేసినట్టుంది!"

కురలాయ్ ఒక్కసారిగా నవ్వేసింది. నోరు మూసుకున్నా ఆగలేదు. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. బిబిజాన్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"చెప్పండి" అంది.

రైహాన్ మొదలెట్టింది, కురలాయ్ అందుకుంది. కళ్ళెం తాడు, కుర్త్, గుర్రాల లద్దె, గాజు రాయి కూడా చెప్పారు. గాజు రాయి సంగతి కురలాయే చెప్పింది. "చెయ్యి చూడకుండా చేశాను. తప్పు నాది" అని రైహాన్ ముగించింది.

బిబిజాన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ముందు అడిగింది ఇది:

"కుల్పాష్‌కి ఎంతవరకు తెలుసు?"

"మొత్తం."

"చచ్చాను." ఆమె టీ గిన్నె జరిపింది. "ఏం అడిగింది?"

"ఉంగరం. కణుపు దాటాల్సిన పని లేని ఉంగరం."

బిబిజాన్ కళ్ళు దించుకుంది. ఆ విందులో తను అన్న మాట ఆమెకూ గుర్తుంది కాబోలు. "దాని వెండి నేనిస్తాను" అంది. తరవాత కోడలి చెయ్యి మళ్ళీ తన చేతిలోకి తీసుకుంది. "నేను ఇది రెండుసార్లే పెట్టుకున్నానమ్మా. మొదటిసారి పెళ్ళి విందులో. రెండోసారి గుర్రం కళ్ళెంలో తగులుకుని, వేలు ఊడినంత పనైంది. గోరు వంగిపోయింది. మీ మామగారికి చెప్పలేదు, పెట్టెలో దాచేశాను. ముప్పై ఎనిమిదేళ్ళు. నా వేలి మీద మళ్ళీ ఎవరూ చూడలేదు, నీ వేలి మీదైనా బల్ల ఆ చివరి దాకా కనపడాలనుకున్నాను."

"మరి టీచరు అని మాత్రమే చెప్పావు నాకు" అంది రైహాన్.

"గుర్రాలు పితికే చెయ్యి అని చెబితే నువ్వు ఎత్తుగా చెయ్యవని తెలుసు. బళ్ళో నీ బెంచీ మీదే కూర్చున్నదాన్ని కాదూ?"

ఆమె తన ఉన్ని శాలువా అంచు తీసి ఉంగరం మీద గట్టిగా రుద్దింది. అటూ ఇటూ లాగింది. శాలువా జారిపోయింది. ఒక్క పోగు కూడా లేవలేదు.

"కనపడుతోందిలే" అంది. "ఇప్పుడు నాకు అన్నీ కనపడుతున్నాయి. ఆ పైకప్పు మూల సాలెగూడు కూడా." అని కుర్త్ గిన్నెను రైహాన్ ముందుకు తోసింది. "తిను. ముందు నువ్వే కొరుకు."

ఆ తరవాత రెండు వేసవులు గడిచాయి. కురలాయ్ ఇప్పుడు పద్నాలుగు గుర్రాలు పితుకుతుంది, ఉంగరం తియ్యకుండానే. కుల్పాష్ అపా తన ఉంగరం గొళ్ళెం అందరి ముందూ తీసి పెట్టి చూపిస్తుంది, ముఖ్యంగా బిబిజాన్ ఉన్న బల్లల దగ్గర. రైహాన్‌కు అరవై నిండాయి. ఆమె గది తలుపు మీద, సాబిత్ చేతిరాతతో, "చెయ్యి రాకపోతే ఉంగరం లేదు. ఆదివారం సెలవు" అని ఒక కాగితం అంటించి ఉంటుంది.